పావుగంట గది

మా ఆఫీసులో నన్ను పేరు పెట్టి పిలిచి పదిహేనేళ్లు దాటింది. అందరికీ నేను ముందుచూపునే. రేపు కావాల్సిన ఫారాలు ఇవాళే దొంతర పెట్టి, రేపటి ముద్రకు ఇవాళ సాయంత్రమే తేదీ తిప్పి ఉంచి ఇంటికెళ్లే గుమాస్తాను మరి. ఎగతాళికి పెట్టిన పేరే అయినా నేను దాన్ని బిరుదులాగే మోశాను. పని మీద పడ్డాక కంగారుపడే మనుషుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఎన్నికల ఆఫీసులో నామినేషన్ల బల్ల నాది. అభ్యర్థి ఇచ్చిన కాగితాలు తీసుకోవడం, ప్రతిపాదించినవాళ్ల సంతకాలు సరిచూడటం, పోటీ నుంచి తప్పుకుంటానని ఎవరైనా వస్తే ఉపసంహరణ ఫారం మీద ముద్ర వేయడం నా పని. ఇరవై ఆరేళ్లలో ఎన్ని ముద్రలు వేశానో నాకే తెలియదు. వాటిలో ఒక్కటి మాత్రం మర్చిపోలేదు.

కిందటి ఎన్నికల్లో ఒక లెక్కల మాస్టారు క్వారీ యజమాని మీద పోటీకి దిగాడు. ఆఖరి రోజున నలుగురు మనుషులు ఆయన్ను నడిపించుకుంటూ నా బల్ల దగ్గరికి తెచ్చారు. ఎప్పుడూ ఎడమ చేతికి ఉండే గడియారం ఆ రోజు కుడి చేతికి ఉంది. ఎడమ చెయ్యి చొక్కా లోపల దాచుకున్నాడు. "మీ ఇష్టప్రకారమేనా మాస్టారూ?" అని వాళ్లందరి ముందే అడిగాను. "అంతే బాబూ" అన్నాడు. ముద్ర వేశాను. మర్నాడు ఆయన ఫిర్యాదు చేయడానికని ఇంట్లోంచి బయల్దేరాడట. మూడో రోజు క్వారీ గుంటలో తేలాడు.

ఆ తర్వాతే పైవాళ్లు కదిలారు. నిబంధనలు మార్చడానికి ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. ఆఫీసర్లందరూ గంటల తరబడి మాట్లాడాక, గుమాస్తాల్లో ఎవరైనా చెప్పేదుందా అని మొక్కుబడిగా అడిగారు. నేను లేచాను. "తప్పుకోవడానికి వచ్చిన మనిషిని వెంట వచ్చినవాళ్ల ముందు అడగకండి. ఒక గదిలో కూర్చోబెట్టి పావుగంట ఒంటరిగా ఉంచి అడగండి. నిజం చెబుతాడు" అన్నాను. 

కొత్త నిబంధనలు పుస్తకంగా వచ్చాయి. ప్రతిపాదించినవాళ్ల చిరునామాలు నోటీసు బోర్డు మీద పెట్టకూడదు. కోరిన అభ్యర్థికి ఒక కానిస్టేబుల్‌ని కాపలా ఇవ్వాలి. పదకొండోది నా మాటే. తప్పుకునే అభ్యర్థి స్వయంగా రావాలి. మూసిన గదిలో గుమాస్తా ఒక్కడే మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు రాసి, కింద అభ్యర్థి సంతకం తీసుకోవాలి. బెదిరింపు ఉందని అభ్యర్థి చెబితే, ఆ గదిలోని ఫోన్‌లో జిల్లా కేంద్రానికి కబురు చేయాలి. సాయం అందేదాకా బయటివాళ్లకు పని నడుస్తోందనే చెప్పాలి. ఆ పుస్తకం ఇంటికి తెచ్చి మా ఆవిడకు చూపించాను. "పదకొండు నాది" అన్నాను. "సరే, అన్నానికి లేవండి" అంది.

మా వీధి చివరి ఆసుపత్రిలో ఒక నర్సు ఉంది. నాకు వారానికొక బలం ఇంజెక్షన్ వేస్తుంది. సూది అంటే నాకు చచ్చేంత భయం. చెయ్యి కట్టెలా బిగుసుకుపోతుంది. "చెయ్యి వదులుగా పెట్టు బాబాయ్, సూదికి నీ మీద పగేం లేదు" అంటూ మాటల్లో పెట్టి, ఆ మాట పూర్తయ్యేలోగా పొడిచేసి దూది అద్దేస్తుంది. వరసకు నేను ఆమెకు ఏమీ కాను. అయినా మొదటి రోజు నుంచీ బాబాయ్ అనే పిలిచింది, నువ్వనే అంది.

క్వారీ దుమ్ముకి దగ్గుతూ వచ్చేవాళ్లకి మందు పోసి పోసి విసుగెత్తి, ఈసారి క్వారీ యజమాని మీద ఆమే నామినేషన్ వేసింది. కాగితాలు తెచ్చిన రోజున బల్ల మీదికి వంగి, "గెలిస్తే నీకు ఇంజెక్షన్లు ఉచితం బాబాయ్" అంది. "ఇప్పుడేమైనా డబ్బులిచ్చి పొడిపించుకుంటున్నానా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత నేనే గొంతు తగ్గించి చెప్పాను. "చూడమ్మాయ్, ఎవరైనా నీ జోలికొస్తే పదకొండు ఉందని గుర్తుపెట్టుకో. తప్పుకుంటానని చెప్పి ఆ గదిలోకి వచ్చెయ్. అక్కడ నేనుంటా." ఆమె తలూపింది.

ఆ గది అంటే మా పాత రికార్డు గది. బీరువాలు ఒక గోడకు నెట్టి, ఒక బల్ల, రెండు కుర్చీలు వేశాం. తలుపు అద్దానికి లోపలి నుంచి న్యూస్‌పేపర్ అంటించాం. తలుపు కింద మాత్రం రెండు వేళ్ల సందు ఉండిపోయింది. వడ్రంగికి చెబితే ఎన్నికలయ్యాక చూద్దామన్నాడు.

ఉపసంహరణకు గడువు తీరే రోజున ఎవరెవరు వస్తారో నాకు ముందే తెలుసు. అసలు అభ్యర్థి కాగితాలు చెల్లకపోతే ఉంటాడని ప్రతివాడూ వేసే డమ్మీలు. తమ్ముళ్లు, మేనల్లుళ్లు, డ్రైవర్లు. వాళ్లను ఎవరూ బెదిరించరు. వాళ్లకు ఆ మూడు ప్రశ్నలు వినే ఓపిక కూడా ఉండదు. ఒక్కో ఫారం నాలుగు ప్రతులు, ఒక్కో ప్రతిలో మూడేసి జవాబులు పూర్తి వాక్యాల్లో రాయాలి. ఎవరొచ్చినా రాసేది అవే మాటలు. ముందురోజు సాయంత్రం కూర్చుని పాతిక ఫారాలు నింపేశాను. "నేను నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా తప్పుకుంటున్నాను." నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. చివరి అక్షరం కొమ్మును కాస్త సాగదీసి తిప్పడం చిన్నప్పటి అలవాటు. ఎవరైనా వేరేలా చెబితే కొత్త ఫారం తీసుకోవచ్చులే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికల్లా పదిహేడు మంది వచ్చి వెళ్లారు. అందరూ డమ్మీలే. నా పాతికలో పదిహేడు ఖర్చయ్యాయి. ఆఫీసరు గారు తొంగిచూసి, "మీరుండబట్టి సరిపోయింది" అన్నారు. ఆ మాటకు పొంగిపోయాను.

రెండుంబావుకు నర్సు వచ్చింది.

ఆమె ముందు నడుస్తోంది. వెనక క్వారీ యజమాని బావమరిది. అతని మొహం మీద ఎప్పుడూ ఒక నవ్వు ఉంటుంది. ఆ నవ్వు ఎవరి కోసమూ కాదు, అలా ఉండిపోయిందంతే. అతని వెనక ఇంకో ఇద్దరు. రక్షణకని ఇచ్చిన కానిస్టేబుల్ వాళ్ల పక్కనే, వాళ్లు ఇప్పించిన టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"మా చెల్లెలండీ. కాస్త కంగారు మనిషి. త్వరగా పంపించెయ్యండి" అన్నాడు బావమరిది.

ఆమెకు అన్నదమ్ములు లేరు. లెక్కల మాస్టారి కుడి చేతి గడియారం కళ్ల ముందు కదిలింది. "నిబంధన ప్రకారం పావుగంట పడుతుంది. మీరు బయటే ఉండాలి" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "దానికేం, ఉంటాం" అని నవ్వాడు.

తలుపు మూశాను. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తలుపు కింది సందులో రెండు జతల బూట్ల నీడలు వచ్చి ఆగాయి.

నర్సు కుర్చీలో కూర్చోలేదు, కూలబడింది. పెదాలు పొడారిపోయి ఉన్నాయి. చేతులు ఒళ్లో పెట్టుకుని ఒక చేత్తో ఇంకోదాన్ని పట్టుకుంది. సూది పట్టినప్పుడు ఏనాడూ అదరని చేతులు అవి. నా మొహంలోకి చూసి, పెదవులు కదిలీ కదలకుండా అడిగింది.

"నువ్వు చెప్పిన గది ఇదేనా బాబాయ్?"

"ఇదే తల్లీ. ఇక్కడ ఎవరూ లేరు. మెల్లగా చెప్పు."

చెబుతూనే నా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పొద్దుట్నుంచి పదిహేడుసార్లు చేసిన పనే. దొంతరలోంచి పై ఫారం తీసి, బల్ల మీద పరిచి, కలం మూత తీశాను.

"ఆయన పొద్దున డ్యూటీ దిగి ఇంటికి..." అని మొదలుపెట్టింది. ఆయనంటే ఆమె భర్త, బస్సు డ్రైవరు.

అక్కడ ఆగిపోయింది. తలుపు వైపు చూసిందేమో అనుకున్నాను. లేదు. బల్ల వైపు చూస్తోంది. నర్సులు కేస్ షీటు తలకిందులుగా ఉన్నా చదివేస్తారు. ఆమె కళ్లు ఎడమ నుంచి కుడికి, మళ్లీ ఎడమ నుంచి కుడికి మెల్లగా నడిచాయి. నేనూ కిందికి చూశాను. మూడు ప్రశ్నలు. మూడింటి కిందా నా గుండ్రటి అక్షరాల్లో జవాబులు.

"రాసేశారా" అంది. ఆ ఒక్క మాటతో నువ్వు పోయి మీరు వచ్చింది.

"అయ్యో, ఇది నీది కాదమ్మాయ్. అందరికీ ఇలాగే రాసిపెట్టా. డమ్మీలు వస్తారు కదా, వాళ్ల కోసం. పని తొందరగా తెములుతుందని."

"ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే రాశా."

"మీరేనా" అని తలూపింది. నేను చెప్పిన కొద్దీ ఊబిలో దిగబడుతున్నానని అర్థమవుతోంది, నోరు మాత్రం ఆగడం లేదు. ఇరవై ఆరేళ్ల సర్వీసు గురించి చెప్పాను. కమిటీ ముందు నేను లేచి మాట్లాడిన సంగతి చెప్పాను. ఆమె వింటున్నట్టే ఉంది. వాళ్ల మనిషి తన నోటి నుంచి ఏదో రాబట్టడానికి ఎంత తంటాలు పడుతున్నాడో అన్నట్టు వింటోంది.

ఆ ఫారాన్ని అడ్డంగా చింపేశాను. చప్పుడుకు ఆమె ఉలిక్కిపడింది. తలుపు కింద నీడలు కదిలాయి. బీరువాలోంచి ఖాళీ ఫారం తెచ్చి ఆమె ముందు పెట్టాను. "చూడు, ఖాళీగా ఉంది. నువ్వేం చెబితే అదే రాస్తా. నీ మీదొట్టు."

ఆమె ఖాళీ ఫారం చూడలేదు. బల్ల చివర ఉన్న దొంతరను చూసింది. ఇంకా ఏడు ఉన్నాయి. పైదాని మీద అవే మూడు జవాబులు, సాగదీసిన అదే కొమ్ము.

"చెబితే ఏం చేస్తారు?" అని అడిగింది.

ఆశ పుట్టింది నాకు. సొరుగు లాగి ఫోన్ చూపించాను. "జిల్లా కేంద్రానికి పోతుంది. వాళ్లు మనుషుల్ని పంపిస్తారు. మీ ఆయన్ని వెతుకుతారు. అప్పటిదాకా బయటివాళ్లకి పని అవుతోందనే చెబుతాం."

"ఫోన్ ఎవరెత్తుతారు?"

నంబరు పనిచేస్తోందో లేదో వారం కింద చూశాను. అవతల ఎవరో "హలో" అన్నారు, నేను పెట్టేశాను. ఎత్తినవాడెవడో, వాడు ఎవరి మనిషో, కబురందాక ఎంతసేపటికి వస్తారో నేను కనుక్కోలేదు. ముద్ర తేదీ తిప్పి పెట్టుకున్నాను. సిరా నింపి పెట్టుకున్నాను. పాతిక ఫారాలు రాసి పెట్టుకున్నాను.

"తెలీదు" అన్నాను. ఆ గదిలో నేను మాట్లాడిన వాటిలో ఆమె నమ్మిన మాట అదొక్కటే అయి ఉంటుంది.

తలుపు మీద వేలితో రెండుసార్లు కొట్టారు. "చెల్లెమ్మా, అయిందా?"

"అయిపోతోంది అన్నయ్యా" అంది ఆమె. ఆసుపత్రిలో నన్ను మాటల్లో పెట్టే గొంతు అది. అంత మామూలుగా, అంత తేలిగ్గా ఉంది. ఒళ్లో మాత్రం ఆమె వేళ్లు తెల్లబడిపోయాయి.

నా చెయ్యి సొరుగులోకి వెళ్లింది. ఫోన్ తాకింది. ఎత్తితే ఎత్తొచ్చు. కానీ అభ్యర్థి చెబితేనే అని నిబంధనలో ఉంది. ఆమె చెప్పలేదు. చెప్పకుండా ఎత్తితే, అవతలివాడు వాళ్ల మనిషే అయితే, ఆమె భర్త ఏమవుతాడు? బయటికి వెళ్లాక నేనేమవుతాను? ఈ రెండు ప్రశ్నల్లో ఏది ముందు వచ్చిందో ఇప్పటికీ నాకు చెప్పుకునే ధైర్యం లేదు. నిబంధన చాటున దాక్కున్నాను. పదకొండు నాదే కదా, నాకు సరిపోయింది.

ఆమె నా చేతిలోంచి కలం తీసుకుంది. ఖాళీ ఫారం ముందుకు లాక్కుంది. చింపిన ఫారంలో పై ముక్కను పక్కన పెట్టుకుని, దాన్ని చూస్తూ రాయడం మొదలుపెట్టింది. "నేను నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా..." ఒక్కో అక్షరం చూసి, ఒక్కో అక్షరం దించింది. చివరి అక్షరం దగ్గర ఒక క్షణం ఆగి, ఆ కొమ్మును కూడా నాలాగే సాగదీసి తిప్పింది. తేడా వస్తే ఒప్పుకోరేమోనని భయపడినట్టుంది. నాలుగు ప్రతులూ అలాగే రాసి, సంతకాలు పెట్టి, నా వైపు తిప్పింది.

"ఇలాగేనా సార్?"

నేను తలూపాను. ఇంకేం చేయగలనో తెలియలేదు.

తలుపు తీశాక బావమరిది ముందు ఆమె మొహం చూశాడు, తర్వాత నా చేతిలో కాగితాలు చూశాడు. రెండూ నచ్చాయి. నా భుజం మీద చెయ్యి వేశాడు. "ముందుచూపు గారంటే మీరేనటగా. మీలాంటివాళ్లు ఉండాలండీ ఆఫీసుకి" అన్నాడు. ఎవరో చెప్పిన పేరే అయి ఉంటుంది, మా ఆఫీసు వరండాలో అందరికీ తెలిసినదే. కానీ ఆమె అప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది. బావమరిదిని ఎలా చూసిందో నన్నూ అలాగే చూసింది.

రెండు గంటల ముప్పైనాలుగుకు ముద్ర వేశాను. తేదీ ముందే తిప్పి ఉంది.

ఆ సాయంత్రం ఐదింటికి ఆమె భర్త ఆటోలో ఇంటికి చేరాడని తెలిసింది. ముందు పళ్లు రెండు లేవట. బస్సు మెట్ల మీద జారానని అడిగినవాళ్లందరికీ చెప్పాడట. ప్రాణాలతో వచ్చాడు. ఆమె అలా రాసివ్వబట్టే వచ్చాడేమో. అలా అనుకుంటే నాకు కాస్త నిద్ర పడుతుందని చాలాసార్లు అనుకున్నాను. పట్టలేదు.

వారం తర్వాత కమిటీకి నివేదిక పంపాలన్నారు. టైపు చేసింది నేనే. పదకొండో నిబంధన కింద ఉపసంహరణలు: పద్దెనిమిది. బెదిరింపు ఫిర్యాదులు: లేవు. ఆఫీసరు గారు చాలా సంతోషించారు. "చూశారా, నర్సు అయితే జవాబులు తన చేత్తోనే రాసిచ్చింది. ఇంతకన్నా రుజువేం కావాలి. వచ్చేసారికి అందరి చేతా అలాగే రాయిద్దాం" అన్నారు. అక్కడే నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. వినేటప్పుడు ఆయన పేపర్‌వెయిట్ తిప్పుతూనే ఉన్నారు. "ఆవిడ ఏమైనా అందా? అనలేదు కదా. మీరు లేనిపోనివి ఊహించుకుని నా మెడకు చుట్టకండి" అన్నారు. ఇంటికొచ్చి కమిటీకి నేనే ఉత్తరం రాశాను. ఫారాలు ముందే నింపిన సంగతి, ఫోన్ సంగతి, తలుపు కింద సందు సంగతి. అది పది రోజులుగా చొక్కా జేబులోనే ఉంది. రోజూ పోస్టాఫీసు ముందు నుంచే నడుస్తున్నాను.

ఇంజెక్షన్ రోజు రెండుసార్లు తప్పించాను. మూడోసారి మా ఆవిడ ఊరుకోలేదు, వెళ్లాల్సి వచ్చింది. గదిలో నర్సు ఒక్కతే ఉంది. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడింది. నేను వస్తే ఆమె ఏనాడూ లేవలేదు.

"కూర్చోండి సార్."

కూర్చున్నాను. చొక్కా చెయ్యి పైకి మడిచాను. "అమ్మాయ్, నేను వాళ్ల మనిషిని కాదు" అన్నాను. దారంతా కూడబలుక్కున్న మాటల్లో అదొక్కటే మిగిలింది.

"అయ్యో, ఎవరన్నారు సార్" అంది వెంటనే. తలుపు వైపు చూసింది. "మా ఆయన కూడా మామూలుగానే డ్యూటీకి వెళ్తున్నాడు సార్. మేం ఎవరితోనూ ఏమీ అనలేదు."

జేబులో ఉత్తరం గుండెకు గుచ్చుకుంటోంది. తీసి చూపిద్దామని చెయ్యి జేబు దగ్గరికి పోనిచ్చాను. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. చెయ్యి కిందికి దించేశాను.

మందు సిరంజిలోకి ఎక్కించింది. దూదితో నా చెయ్యి తుడిచింది. సూది నా చర్మానికి అంగుళం దూరంలో ఆగిపోయింది. దాని మొన సన్నగా వణుకుతోంది. అది ఆగేదాకా ఆమె ఊపిరి బిగబట్టి చూస్తూ నిలబడింది. ఆగలేదు.

"చెయ్యి వదులుగా పెట్టండి సార్" అంది.

ఆ రోజు బిగుసుకున్నది నా చెయ్యి కాదు.